అత్తకూ కోడలికీ ఒకటే బిళ్ల

మా ఇంట్లో మందులన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి. ఎప్పుడో బిస్కెట్లు వచ్చిన రేకు డబ్బా అది. వంటింటి గూట్లో, పోపుల పెట్టె పక్కన దాని చోటు. అత్త మోకాళ్ల మాత్రలు, మా ఆయన గ్యాస్ బిళ్లలు, ఎవరు మొదలుపెట్టి ఎవరు మానేశారో తెలియని దగ్గు మందు, అన్నీ అందులోనే సర్దుకుని కాపురం చేస్తుంటాయి. నా పేరున ఒక స్ట్రిప్పు అందులో చేరిన నాటి నుంచి, నన్ను నా ఇంట్లోనే కూర్చోబెట్టి చుట్టూ గోడ కట్టినంత పని చేశారు. కోపంగానే చెబుతున్నాను. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా దిగలేదు.

నాకు పార్శ్వపు నొప్పి చిన్నప్పటి నుంచీ ఉంది. ముందు ఎడమ కంటి కొసన ఒక వెలుగు గీత మిలమిలలాడుతుంది. కాసేపటికి అదే పక్క కణత మొదలవుతుంది. మొదలైందంటే వాంతి అయ్యేదాకా వదలదు. ఒక్కోసారి అయినా వదలదు. చీకటి గదిలో తడిగుడ్డ వేసుకుని పడుకోవడం తప్ప ఏ పనికీ పనికిరాను.

నేను పనిచేసే బడి ఆర్యపల్లిలో ఉంది. ఛత్రపురం దాటి సముద్రం వైపు దిగితే వచ్చే జాలర్ల ఊరు. ఒడిశాలో బరంపురం అంచున, హల్దియాపదర్‌లో మా ఇంటి నుంచి స్కూటీ మీద వెళ్లి వస్తాను. అక్కడ ఇసుక మీద పడ్డ ఎండ తిరిగి కళ్లలోకి కొడుతుంది. గాలి మళ్లితే ఆరబెట్టిన చేపల వాసన తరగతిలోకి వచ్చి కూర్చుంటుంది. తలనొప్పికి ఇంతకంటే అనువైన చోటు వెతికినా దొరకదని నాకూ తెలుసు. అయినా ఆ బడంటే నాకు ప్రాణం.

ఎందుకంటే అక్కడి పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో పుస్తకాలేమో ఒడియావి. ఒకటో తరగతి వాళ్లకి చేప బొమ్మ చూపించి 'మాఛొ' అనమంటే అనరు. "ఇది ఏ సేప దిదీ? దీనికి పేరు నేదేటి?" అని నన్ను నిలదీస్తారు. ఈ వైపు బడిలో పంతులమ్మని దిదీ అంటారు. పేరు లేని ఉత్త చేప అనేది వాళ్లు పుట్టి బుద్ధెరిగి చూడలేదు. నేను ఆ బొమ్మకి వాళ్ల చేతే ఒక పేరు పెట్టించి, అప్పుడు ఒడియాలోకి తీసుకెళతాను. నేనూ రైల్వే క్వార్టర్స్‌లో తెలుగు మాట్లాడి, ఒడియా బడిలో నోరు మూసుకుని కూర్చున్న పిల్లనే. ఆ మూసుకున్న నోళ్లు తెరిపించడం ఒక్కటే ఈ ఉద్యోగంలో నాకు బాగా వచ్చిన పని.

ఒకసారి బడి నుంచి వస్తూ పెద్ద రోడ్డు మీద స్కూటీ ఆపేసి, పక్కకి వెళ్లి వాంతి చేసుకున్నాను. లారీలు వెళుతున్నాయి, వాటి హారన్లు నా కణతలోనే మోగుతున్నాయి. ఇక ఇలా కుదరదనుకుని మర్నాడు బరంపురంలో నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఒక్కదాన్నే వెళ్లాను. మా ఇంటి లెక్కలో నేను చేసిన ఘోరం అదే.

ఆ డాక్టరు నెమ్మదస్తుడు. నా మాట మొత్తం విన్నాడు. ఆస్తమా ఉందా అని అడిగాడు. నాడి పట్టుకుని చూశాడు, బీపీ చూశాడు, ఈసీజీ తీయించాడు. అన్నీ బాగున్నాయన్నాక చీటీ రాస్తూ, ఇది బీటా బ్లాకర్ అనే రకం మందు, అసలు గుండె కోసం పుట్టింది, గుండె రోగుల్లో కొందరికి దీనితో తలనొప్పులు కూడా తగ్గుతున్నాయని తర్వాత తెలిసింది, అందుకే ఇప్పుడు నీలాంటి వాళ్లకీ ఇస్తాం అన్నాడు. ఒడియాలో, పిల్లలకి పాఠం చెప్పినట్టు విడమరిచి చెప్పాడు. నాకు ఆ పద్ధతి నచ్చింది.

ఇది కడుపులో ఒక్కసారిగా కరిగిపోయేది కాదట. రోజంతా కొంచెం కొంచెంగా మందు వదిలే బిళ్ల. అందుకే నమలకూడదు, నూరకూడదు. పొద్దున టిఫిన్‌తో ఒకటి మింగాలి. నొప్పి వచ్చాక వేసుకునేది కాదు, రాకుండా వేసుకునేది, కాబట్టి రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. ఉన్నట్టుండి మానేయడానికి వీల్లేదు, మానేస్తే గుండె ఎదురు తిరుగుతుంది, మానాల్సి వస్తే తానే తగ్గిస్తూ మాన్పిస్తాడు. నాడి నెమ్మదిస్తుంది, వేళ్లు చల్లబడొచ్చు, కలలు ఎక్కువ రావచ్చు, కంగారు పడొద్దు. మొదటి వారం తల తిరగొచ్చు, బండి నడపొద్దు. నేను సంతోషంగా ఇంటికొచ్చాను. నా నొప్పికి ఒక పేరూ ఒక దారీ దొరికాయని ఆ పూట పప్పుచారులో ఇంగువ రెండు చిటికెలు ఎక్కువే వేశాను.

చీటీ మా ఆయనకిచ్చాను. నెలనెలా అత్త మందులు తెచ్చేది ఆయనే. మామగారి కాలం నుంచీ మాకు తెలిసిన మందుల షాపు అది. షాపతను అత్త చీటీ, నా చీటీ పక్కపక్కన పెట్టి చూసి, "ఇద్దరికీ ఒకటే మందు. మీ ఇంటావిడకి కూడా గుండేనా?" అని అడిగాడట. ఆ ముక్క నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆ సాయంత్రం మాత్రం మా ఆయన వచ్చి, మందులు డబ్బాలో పెట్టి, చుట్టాన్ని చూసినట్టు నన్ను కాసేపు చూశాడు. "అన్నం తిన్నావా?" అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా వైపు జబ్బు పెద్దదైతే డాక్టరు రోగికి చెప్పడు. "మీరు కూర్చోండమ్మా" అని, వెంట వచ్చిన మగమనిషిని గది బయటికి తీసుకెళ్లి చెబుతాడు. బయటికి పిలిచాడంటేనే విషయం ఉందని అర్థం. లోపలికి వచ్చినాయన మొహం తుడుచుకుని, "ఏటీ నేదంట" అంటాడు. అందరూ అలాగే చేస్తారు, అదే ప్రేమ అనుకుంటారు. మా మామగారికి పొట్టలో కాన్సర్ వస్తే ఇంటిల్లిపాదీ అల్సర్ అనే చెప్పాం. అల్సర్ తగ్గాక చేపల పులుసు తింటానంటూనే ఆయన వెళ్లిపోయారు.

పోయినేడు మా అత్తకి మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రమయ్యేసరికి పాదాల వాపు వచ్చాయి. గుండె డాక్టరు మా ఆయన్ని బయటికి పిలిచి, గుండె రక్తాన్ని తోసే బలం తగ్గిందని చెప్పాడు. తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోవాలని ఈ మందే రాశాడు. మా ఆయన లోపలికొచ్చి, "బీపీ అంటమ్మా. సిన్న బిళ్ల" అన్నాడు. ఆ రోజు నుంచి అది మా ఇంట్లో బీపీ బిళ్ల. అమ్మ తట్టుకోలేదు, నోరు జారకు అని నా చేత చేతిలో చెయ్యి వేయించుకున్నాడు కూడా.

ఇప్పుడు ఆయన తర్కం చూడండి. అమ్మది గుండె జబ్బు. పెళ్లానికీ అదే బిళ్ల. పెళ్లాం డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్లింది. బయటికి పిలిచి చెప్పడానికి డాక్టరుకి మగమనిషి దొరకలేదు, పాపం, ఏం చేస్తాడు, తలనొప్పి అని సర్దిచెప్పి పంపేశాడు. నేను తలనొప్పికే అని చెప్పిన ప్రతిసారీ ఆయన మొహంలో మామగారి అల్సరే కనిపించేది.

ఇక మొదలైంది చూడండి, ప్రేమ. మంచినీళ్ల గ్లాసు ఎక్కడుంటుందో తెలియని మనిషి గ్లాసు పట్టుకుని నా వెనక తిరిగాడు. మొదటి వారం బండి వద్దన్నారుగా అని స్కూటీ తాళం తీసుకున్నాడు. వారం పోయాక బండి సర్వీసింగ్‌లో ఉందన్నాడు. సర్వీసింగ్ అయ్యాక బ్యాటరీ పోయిందన్నాడు. సెలవు పొడిగించమన్నాడు, పొడిగించాను, మళ్లీ పొడిగించమన్నాడు. నేను టీవీలో ఏం పెడితే అదే చూశాడు. దెబ్బలాటకి దిగితే దిగలేదు. దెబ్బలాడని మొగుడితో కాపురం ఎంత భయంగా ఉంటుందో అనుభవిస్తే గాని తెలియదు.

భంజనగర్ నుంచి మా వదిన, అంటే మా ఆయన అక్క, బస్సెక్కి వచ్చింది. ఆవిడకీ నాకూ ఏళ్ల తరబడి పడదు. అలాంటిది స్వీట్ల పెట్టె నా ఒళ్లో పెట్టి, నా తల నిమిరి, "ఓలమ్మా, ఎంత సిక్కిపోనావు పిల్లా" అంది. కళ్లు తుడుచుకుంది. ఏటి వదినా అంటే, ఉల్లిపాయలు అంది. ఆవిడ కూర్చున్నది ముందు గదిలో. ఉల్లిపాయలు వంటింట్లో ఉన్నాయి.

అప్పుడు నాకు తట్టింది. ఈ నిమరడం, ఈ స్వీట్లు, ఈ మెత్తని గొంతులు నేను ఇంతకు ముందు చూశాను. మామగారి మంచం చుట్టూ మేమంతా ఇలాగే మెసిలాం.

"నాకు గుండె జబ్బు లేదు" అని ఆ రాత్రి అన్నం దగ్గర గట్టిగా అరిచాను.

"ఉందని ఎవులన్నారు?" అన్నాడు మా ఆయన, ఎంతో నెమ్మదిగా. "నువ్వు కంగారు పడకు. కంగారు మంచిది కాదు."

కాదంటే కంగారు. ఊరుకుంటే ఒప్పుకున్నట్టు. అరిస్తే గుండెకి మంచిది కాదు. నవ్వితే పాపం తెలియక నవ్వుతోంది. మా అత్త మాత్రం తలెత్తకుండా మజ్జిగన్నం కలుపుకుంటోంది.

పంతం పట్టి ఆయన్ని నా డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. డాక్టరు మళ్లీ మొదటి నుంచీ చెప్పాడు. ఒకే మందు రెండు జబ్బులకి వాడొచ్చు, ఈవిడ గుండెకి ఏమీ లేదు, బడికి పంపించండి అన్నాడు. మా ఆయన బుద్ధిగా తలూపాడు. బయటికొచ్చి చెప్పులేసుకున్నాక, "గొడుగు మర్సిపోయాను" అని మళ్లీ లోపలికి వెళ్లాడు. మేము గొడుగు తీసుకెళ్లలేదు. వాన లేదు, మబ్బు కూడా లేదు. కాసేపటికి మొహం మాడ్చుకుని బయటికి వచ్చాడు.

"ఏమన్నారు?" అన్నాను.

"ఏటీ నేదంట" అన్నాడు.

సరిగ్గా ఆ మాటే అన్నాడు. ఆటోలో ఇంటికొస్తుంటే ఆ మాట నా లోపల దిగబడిపోయింది. మామగారి అప్పుడు అదే మాట, అత్త అప్పుడు అదే మాట. మరి నా విషయంలో మాత్రం అది నిజమని ఎలా నమ్మాలి? నాకు తెలియకుండానే వేళ్లు మణికట్టు మీదికి పోయాయి. నాడి నింపాదిగా, ఎవరి కోసమో ఆగి ఆగి నడుస్తున్నట్టు కొట్టుకుంటోంది. మందు వల్ల అలా అవుతుందని డాక్టరు ముందే చెప్పాడు. చెప్పిన సంగతే, భయం వేసినప్పుడు కొత్తగా వినిపిస్తుంది. బరంపురం ఉక్కపోతలో అందరూ చెమటలు కక్కుతుంటే నా వేలి కొసలు చల్లగా ఉండేవి. తెల్లవారుజామున రంగురంగుల కలలు వచ్చేవి. వాటిలో మామగారు చేపల పులుసు తింటూ కనిపించేవారు.

డబ్బా ఎత్తి వీధిలో పారేయాలనిపించేది. బిళ్ల లేకపోతే జబ్బూ ఉండదు, ఇంట్లో ఈ జాలి చూపులూ ఉండవు. కాని ఉన్నట్టుండి మానకూడదు. మానితే నిజంగానే గుండెకి ఏదైనా అయితే, అప్పుడు వీళ్లు అన్నది నిజమై కూర్చుంటుంది. అందుకని రోజూ పొద్దున ఇడ్లీ తినేసి, నన్ను బందీ చేసిన బిళ్లని నా చేత్తోనే నోట్లో వేసుకునేదాన్ని. పక్కన మా అత్త తన బీపీ బిళ్ల వేసుకునేది. ఒకే చెంబులో నీళ్లు ఇద్దరం తాగేవాళ్లం.

ఇంతలో మందు పనిచేయడం మొదలుపెట్టింది. ఒకనాడు వెలుగు గీత వచ్చింది. నేను గబగబా గది చీకటి చేసుకుని పడుకున్నాను. గీత కాసేపు మిలమిలలాడి వెళ్లిపోయింది. వెనకాల నొప్పి రాలేదు. ఎంత సంతోషమో చెప్పలేను. పరుగున వెళ్లి మా ఆయనకి చెప్పాను. "సూసేవా? రెస్టు తీసుకున్నావు కాబట్టి" అన్నాడు. నేను బాగుపడితే ఆ పుణ్యం రెస్టుకి పోయింది. బాగుపడకపోతే జబ్బు ముదిరిందనేవాడు. ఎటు వెళ్లినా ఆయన గుమ్మంలో నిలబడే ఉన్నాడు.

బడి నుంచి హెడ్‌మాస్టరు ఫోన్ చేశాడు. పాపం మంచివాడే. తెలుగు రాదు. "దిదీ, మీ ఒకటో తరగతి మళ్లీ నోరు విప్పడం లేదు, నేను ఏం అడిగినా నేల చూస్తున్నారు" అన్నాడు. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. అదీ చాటుగానే, లేకపోతే అంబులెన్స్ పిలిచేలా ఉన్నారు.

ఆ వారమే మా ఆయన ఒక దరఖాస్తు టైపు చేయించుకుని వచ్చాడు. ఆఫీసులో తెలిసిన వాళ్లని పట్టుకుని నాకు మా ఇంటి పక్క బడికి బదిలీ మాట్లాడాడట. గుండె జబ్బు వల్ల దూర ప్రయాణం చేయలేనని అందులో ఉంది. నేను సంతకం పెట్టడమే తరవాయి. "ఇంటికి దగ్గిర. మజ్జానం వొచ్చి అన్నం తిని ఎల్లొచ్చు. అమ్మకీ తోడుగుంటావు" అన్నాడు. సోమవారం పట్టుకెళతానన్నాడు. కాగితాన్ని బల్ల మీద పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద పెన్ను పెట్టాడు.

సంతకం పెడితే, సర్కారు లెక్కలో రిటైరయ్యేదాకా నేను గుండె రోగిని. ఆర్యపల్లికి ఇంకెవరో వెళతారు, వాళ్లకి తెలుగు వస్తుందన్న నమ్మకం లేదు. పెట్టకపోతే మా ఆయన తిట్టడు, కొట్టడు. నీళ్లు నిండిన కళ్లతో అన్నం దగ్గర కూర్చుంటాడు. ఆ కళ్ల ముందు నేను ఎన్నాళ్లో నిలబడలేనని నాకు తెలుసు. పెద్ద గొంతు వేసుకునేవాడైతే ఎప్పుడో ఎదిరించేదాన్ని.

ఆయన మాట వినేది ఒక్క మా అత్తదే. అత్త చెబితే కాగితం చింపేస్తాడు. కాని అత్త నమ్మాలంటే ఒకే బిళ్ల ఇద్దరికి రెండు పనులు చేస్తుందని చెప్పాలి. అది చెప్పాలంటే, నాది తలకి, నీది గుండెకి అనాలి. ఆ మాట అనకూడదనే కదా నా చేత చెయ్యి వేయించుకున్నది. నేను బయటపడాలంటే ఆవిడ నెత్తిన ఆ బరువు పెట్టాలి. రెండు రోజులు నోటిదాకా వచ్చిన మాటని మింగేశాను. శనివారం మా ఆయన ఆఫీసుకి వెళ్లాక, డబ్బాలోంచి రెండు స్ట్రిప్పులూ తీసుకుని వెళ్లి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ వంటింటి గుమ్మంలో చాట ముందు పెట్టుకుని మునగాకు దూస్తోంది.

"అత్తా, ఒక మాట సెప్పాల" అన్నాను.

"సెప్పు."

"ఇది నీ బిళ్ల, ఇది నా బిళ్ల. రెండూ ఒకటే మందు. డోసే యేరు. నాది తలనొప్పికి. నిజంగా తలనొప్పికే. నీదేమో..."

"గుండెకి" అంది మా అత్త, రెమ్మ తిప్పుకుని ఆకు దూస్తూనే.

"నీకెవులు సెప్పేరు?" అన్నాను.

"ఎవులు సెప్పాల? ఆ డాకటరు మీ ఆయన్ని బయటికి పిలిసి సెప్పేడు కదా. ఆ గదికి తలుపెక్కడుంది? కర్టెనే. నాను పుట్టింది మొదలు ఈ ఊర్లోనే ఉన్నాను, నాకు ఒడియా రాదనుకున్నాడేటి?"

"మరి తెల్సని సెప్పనేదేం?"

"ఆడు అంత కట్టపడి బీపీ బీపీ అంటన్నాడు. తెల్సని సెప్తే ఆడి మొకం నాను సూడలేను." కాసేపు ఆకు దూసి, ఏదో పాత సంగతి గుర్తొచ్చినట్టు అంది, "మీ మాంగారికీ తెల్సు."

"ఏటి తెల్సు?"

"ఆయనకొచ్చింది అల్సర్ కాదని. మొదట్నుంచీ తెల్సు. పిల్లలు దాస్తన్నామని దైర్నంగా ఉన్నారే, తెల్సని సెప్పకు, బెదిరిపోతారు అన్నారు. ఆ సేపల పులుసు మాట కూడా మీకోసరమే అనీవోరు."

నేను రెండు స్ట్రిప్పులూ ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను. ఈసారి చాటుగా కాదు. ఆయన మంచం దగ్గర మేం ఆడిన నాటకం గుర్తొచ్చింది. ఆయన మాకంటే బాగా ఆడారు. ఆవిడ నన్ను ఏడవనిచ్చింది.

కాస్త తెప్పరిల్లాక అసలు సంగతి అడిగాను. "నాకు గుండె జబ్బు నేదని నీకు నమ్మకమేనా అత్తా?"

"నేదని నాకు తెల్సు. నీళ్ల బాల్చీ ఎత్తుకుని మేడ మెట్లెక్కుతావు. ఎక్కతా నాతో మాటాడతావు. గుండె జబ్బోలు మెట్లకాడ మాటాడరు. నాను మాటాడతానేటి?"

అది విన్నాక నా దుఃఖం ఆవిరై కోపం పొంగింది. "అంత తెల్సీ ఇన్నాళ్లూ నోరు మూసుకున్నావా? నా సెలవులన్నీ అయిపోయాయి. బడి పోయేలాగుంది. ఒక్క మాట సెప్తే నీ కొడుకు ఇనీవోడు కాదా? ఎందుకు సెప్పనేదు?"

ఆవిడ చెయ్యి ఆగింది. చాటలో ఆకు అటూ ఇటూ కదిపింది. నా వైపు చూడలేదు.

"నువ్వింట్లో ఉంటే నాకు బాగుంది" అంది. "పగలంతా ఒక్కదాన్నే ఉంటాను. ఒకోపాలి ఊపిరందదు. కిటికీ ఊస అట్టుకుని నిలబడిపోతాను. ఎవుల్ని పిలవను? పిలిస్తే ఏటయింది అంటారు. బీపీకి అలాగవదు కదా."

ఆవిడ మీద కోపం పోయిందని చెప్పను, పోలేదు. నన్ను ఇంట్లో కట్టేసిన తాడు రెండో కొస ఆవిడే పట్టుకుని ఉంది. కాని ఆవిడ పట్టుకున్నది పడిపోకుండా ఉండటానికి. కొడుకు ధైర్యం కోసం తన ఆయాసాన్ని దాచుకుని, ఆ దాపరికంలో ఒక్కతే కిటికీ దగ్గర నిలబడి ఉన్న మనిషిని నేను ఏమని నిలదీయను? చాట దగ్గరికి లాక్కుని నేనూ ఆకు దూయడం మొదలుపెట్టాను.

"ఆ కాయితం మీద సంతకం ఎట్టకు" అంది చివరికి. "ఆడికి నాను సెప్తాను. బడికాడ నీ గుంటలు నీకోసరం సూస్తంటారు. ఎల్లు."

"నువ్వో?"

"నాను ఉంటాను. నాకు తెల్సని మట్టుకు ఆడికి సెప్పకు."

సాయంత్రం మా ఆయన రాగానే, "అదీ నానూ ఒకే మెట్లెక్కుతాం, నాను సూస్తన్నాను కదా, దానికేటీ నేదు. బండి తాళం ఇచ్చీ" అంది. మా ఆయన తల్లిని చూశాడు, నన్ను చూశాడు. డాక్టరు కూడా అదే అన్నాడని అప్పుడు ఒప్పుకున్నాడు. గొడుగు వంకతో లోపలికి వెళ్లి, బదిలీ కోసం గుండె జబ్బని సర్టిఫికెట్ ఇమ్మని అడిగితే, లేని జబ్బు రాయనని చీవాట్లు పెట్టాడట. మొహం మాడ్చుకుని వచ్చింది అందుకు. నేను దాన్ని నా చావు కబురు అనుకున్నాను. ఆయన కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, తాళం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

సోమవారం ఆర్యపల్లి వెళ్లాను. గాలి మళ్లి చేపల వాసన వచ్చింది. ఎండ కళ్లలోకి కొట్టింది. తలనొప్పి రాలేదు. పిల్లలు మొదట నేల చూశారు, తర్వాత చేప బొమ్మకి పేరు పెట్టడంలో కొట్టుకున్నారు. మధ్యాహ్నం గంట కొట్టగానే అరుగు మీదికి వచ్చి ఇంటికి ఫోన్ చేశాను.

"ఏటి?" అంది మా అత్త.

"ఏటీ నేదు."

ఫోన్ పెట్టేయకుండా చెవికి ఇంకాస్త నొక్కుకున్నాను. ఆవిడ ఊపిరి వింటున్నానని ఆవిడకి తెలుసు. ఇప్పుడు రోజూ అంతే. ఊపిరి బాగా వినిపిస్తే లోపలికి వెళ్లి పాఠం చెబుతాను. ఎగపోస్తున్నట్టుంటే పక్కింటావిడకి ఫోన్ చేసి, కూరకి కరివేపాకు అడిగే వంకన మా ఇంట్లోకి వెళ్లి రమ్మంటాను. ఆ మధ్య గుండె డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు, మా ఆయన బండి పెట్టి వచ్చేలోగా, అత్త తన సందేహాలన్నీ ఒడియాలో తనే అడిగేసింది. డాక్టరు మొదట తటపటాయించి, తర్వాత ఆవిడ కళ్లలోకి చూస్తూ జవాబు చెప్పాడు. మా ఆయన వచ్చేసరికి ముగ్గురం నోరు మూసుకుని కూర్చున్నాం. అలవాటు ప్రకారం ఆయన్ని బయటికి పిలిచాడు డాక్టరు. వెళ్లొచ్చి, మొహం తుడుచుకుని, "ఏటీ నేదంటమ్మా" అన్నాడు మా ఆయన. "మంచిది నాయనా" అంది మా అత్త.

బడి నాకు దక్కింది. దానికి బదులుగా ఈ మూట నా చేతిలో పెట్టారు. మా ఆయన కోసం, అత్తకి ఆమె జబ్బు సంగతి తెలియనట్టే మసలుకోవాలి. అత్త కోసం, ఆ సంగతి ఆవిడకి తెలుసని ఆయన దగ్గర దాచాలి. ఒక చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టాను, ఇంకో మనిషికి మునగాకు దగ్గర మాటిచ్చాను. స్కూటీ తాళం నా సంచిలోనే ఉంది, ఎక్కడికైనా వెళ్లగలను. వెళ్లి మళ్లీ ఇక్కడికే వస్తాను.

సాయంత్రాలు మా ఆయన టీ గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వస్తాడు. ముందు గదిలో అత్త టీవీ చూస్తూ ఉంటుంది. గొంతు తగ్గించి, "అమ్మకేమైనా అనుమానం వొచ్చిందేటి?" అని అడుగుతాడు.

"లేదు" అంటాను.

అనగానే ముందు గదిలో టీవీ శబ్దం కాస్త పెరుగుతుంది. మా వంటింటికి కూడా తలుపు లేదు. కర్టెనే.